డబుల్ బెడ్రూం ఇంట్లోకి మారినంక జీరో బ్యాలెన్స్ ఖాతా: ఆధార్‌లో పాత అడ్రస్ ఉన్నా ఎట్లా తీస్కోవాలి

పోయిన నెల, సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్రూం ఇళ్ళ కాలనీలో మా బ్లాక్‌లో లిఫ్ట్ ఐదు రోజులు ఆగింది, ఖరాబై కాదు, మెయింటెనెన్స్ పైసలు జమ కాక. లిస్ట్ తీస్తే సగం ఫ్లాట్లు మూణ్ణాలుగు నెలల బాకీ. అడిగితే కట్టనని ఎవరూ అనలేదు, తొమ్మిదో అంతస్తు అక్క ఒకామె మాత్రం "నా చేతిలో ఉన్నప్పుడు మీరు రారు, మీరొచ్చినప్పుడు నా చేతిలో ఉండదు" అన్నది. నిజమే కదా, శనివారం కూలి చేతికొస్తది, ఆదివారం పొద్దున్నే గిరిగిరి ఫైనాన్స్ అతను గుమ్మంలో ఉంటడు, 10,000 రాస్కుని 8,500 చేతిలో పెట్టి రోజుకి వంద చొప్పున 100 రోజులు వసూలు చేసేటాయన లిఫ్ట్‌కి ఏం మిగలనిస్తడు. డబ్బు దాచుకుందామంటే ఆమెకి ఖాతానే లేదు. మూడుసార్లు బ్యాంకుకి పోయిందంట, మూడుసార్లూ "ఆధార్‌లో అడ్రస్ మార్చుకుని రామ్మా" అని పంపేశారంట, నాలుగోసారి గేటు బయట ఒకతను 1,500 ఇస్తే అన్నీ నేనే చేయిస్తా అన్నడంట. ఆ 1,500 ఎవరూ ఇవ్వొద్దనే ఇది రాస్తున్నా.

ముందు ఈజీ సంగతులు. జన్ ధన్ అన్నా, బేసిక్ సేవింగ్స్ ఖాతా అన్నా మనకి కావల్సింది ఒకటే, మినిమం బ్యాలెన్స్ ఉండదు, ఖాతా తెరవడానికి ఫీజు లేదు, నెలకి కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీస్కోవచ్చు, జన్ ధన్‌లో రూపే కార్డు ఫ్రీ. ఆధార్ తీస్కుని, పాన్ ఉంటే పాన్, లేకపోతే పాన్ లేదని రాసిచ్చే ఫారం, రెండు ఫోటోలు, ఫోన్ నంబర్ పట్టుకుని బ్రాంచికి గానీ కాలనీలో కూర్చుని బ్యాంకు తరఫున పని చేసే బ్యాంక్ మిత్ర దగ్గరికి గానీ పోవాలి. ఒకే బ్యాంకులో ఇట్లాంటి ఖాతా ఉంటే ఇంకో సేవింగ్స్ ఖాతా ఇవ్వరు. అందుకే పోయేముందు గుర్తు తెచ్చుకోండి, 2014లో జన్ ధన్ మొదలైనప్పుడు పాత ఇంటి దగ్గర చాలామందితో ఖాతాలు తీయించారు, రెండేళ్ళు ఏ లావాదేవీ లేకపోతే అది ఇనాపరేటివ్ అయ్యి, అంటే ఆగిపోయి ఉంటది, మళ్ళీ కేవైసీ, అంటే మీరెవరో ఎక్కడుంటారో చూపే కాగితాలు ఇస్తే లేపుతారు, దానికి చార్జీ తీస్కోవద్దని ఆర్‌బీఐ రూలే ఉంది.

ఇంక అందరూ ఆగిపోయే చోటు, అడ్రస్. సిటీ బయట కొల్లూరులో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్రూం ఇళ్ళు, సిటీలోని బస్తీల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ, ఆధార్‌లో హైదరాబాద్ జిల్లా, ఇల్లేమో సంగారెడ్డి జిల్లా. కౌంటర్‌లో వాళ్ళు తేడా చూసి వెనక్కి పంపుతారు. వాళ్ళందరిదీ చెడ్డ ఉద్దేశం అని నేను అనను, చాలామందికి రూల్ పూర్తిగా తెలీదు అంతే.

రూల్ ఏందంటే, మీరు ఆధార్ జిరాక్స్ ఇచ్చి "కానీ ఉండేది ఇక్కడ" అంటే కొత్త అడ్రస్‌కి ప్రూఫ్ అడుగుతారు, అది వాళ్ళ హక్కు. అదే మీరు వేలిముద్ర వేసి ఈ-కేవైసీ చేయిస్తే, ఆధార్‌లో ఉన్న అడ్రస్ వేరు, ఇప్పుడు ఉంటున్న అడ్రస్ వేరు అని మీరే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు, దాన్నే సెల్ఫ్ డిక్లరేషన్ అంటారు, ఆర్‌బీఐ కేవైసీ రూల్స్‌లో ఉంది ఇది. జిరాక్స్ దారి, వేలిముద్ర దారి, ఈ రెండింటి మధ్య తేడా తెలియకే సగంమంది వెనక్కి వస్తున్నరు. కాబట్టి కౌంటర్‌లో "అడ్రస్ మారింది సార్, ఏం చేయాలి" అని మొదలుపెట్టకండి. "ఈ-కేవైసీ చేయండి, ఇప్పటి అడ్రస్‌కి డిక్లరేషన్ ఇస్తా" అనండి. కాగితంలో పేరు, ఆధార్‌లో అడ్రస్, ఇప్పటి అడ్రస్ బ్లాక్ నంబర్ ఫ్లాట్ నంబర్‌తో సహా, తేదీ, సంతకం, అంతే, నోటరీ అక్కర్లేదు. అంట్లు తోమీ సిమెంటు కలిపీ వేళ్ళు అరిగిపోయి మెషిన్ తీస్కోదు కొందరికి, కంగారు పడకండి, వేరే వేలు పెట్టండి, కళ్ళు స్కాన్ చేసే మెషిన్ ఉందేమో అడగండి.

మెషిన్‌తో అస్సలు కుదరకపోతే జిరాక్స్ దారే. అప్పుడు రెండు నెలల లోపు కరెంటు బిల్లు గానీ నీళ్ళ బిల్లు గానీ, లేదా ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు చూపించొచ్చు, ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి జీరో బిల్లయినా బిల్లే, కానీ దాని మీద మీ పేరే ఉండాలి. ఈ దారిలో ఖాతా వచ్చినంక మూడు నెలల్లోపు కొత్త అడ్రస్ ఉన్న ఆధార్ ఇవ్వాల్సి ఉంటది, అది మర్చిపోవద్దు. ఇంటి పట్టా చూపిస్తే ఎందుకు తీస్కోరు అని చాలామంది గొడవ పెట్టుకుంటున్నరు, ఆర్‌బీఐ ఒప్పుకునే కాగితాల లిస్టులో ఉన్న అలాట్‌మెంట్ లెటర్ అంటే ఉద్యోగం ఇచ్చిన సంస్థ ఇచ్చే క్వార్టర్స్ లెటర్, మన పట్టా కాదు, ఒప్పుకునే మేనేజర్లు ఉంటారు కానీ దాని మీదే పట్టుబట్టి కూర్చుంటే రోజు పోతది.

ఏ కాగితమూ లేనివాళ్ళకి కూడా స్మాల్ అకౌంట్ అని ఒకటుంది, ఫోటో, బ్యాంకు ఆఫీసర్ ముందు సంతకం లేదా వేలిముద్ర చాలు. ఏడాదికి లక్ష దాటి జమ కావద్దు, ఎప్పుడు చూసినా ఖాతాలో 50,000 మించి ఉండొద్దు, నెలకి 10,000 కంటే ఎక్కువ తీయలేరు, మొదట 12 నెలలకే ఇస్తారు.

ఆధార్ అడ్రస్ తర్వాతైనా మార్చుకోండి, ఫీజు 75 రూపాయలు. ఫోన్ నంబర్ లింక్ అయ్యుంటే మైఆధార్ సైట్‌లో ఇంట్లోనే అవుతది. ఇంట్లో ఒకరిది ముందు మార్చి, మిగతావాళ్ళది వాళ్ళ ద్వారా హెడ్ ఆఫ్ ఫ్యామిలీ పద్ధతిలో మార్చుకోవచ్చు, కాకపోతే ఆ పెద్దమనిషి 30 రోజుల్లో ఓకే కొట్టాలి, లేకపోతే రిక్వెస్ట్ పోతది. డౌటుంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయండి, అది ఫ్రీ.

ఫారం మీద సంతకం పెట్టేముందు టిక్కులు చూడండి. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా, రెండూ మంచివే, కానీ తెలియకుండా కట్ అయితే తిట్టుకుంటారు, కావాలంటే మీరే చెప్పి పెట్టించుకోండి. బ్యాంక్ మిత్ర దగ్గర డబ్బు తీసేటప్పుడు వేలిముద్ర ఒక్కసారి పడితే రసీదు చూడండి, "పడలేదమ్మా" అని మళ్ళీ మళ్ళీ పెట్టిస్తుంటే ఆగి బ్యాలెన్స్ అడగండి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ మూడూ ఇచ్చేస్తే 5,000 ఇస్తామని వచ్చేవాళ్ళు కాలనీల్లో తిరుగుతున్నరు, సైబర్ మోసాల డబ్బు మీ ఖాతాలోంచి పోతే పోలీసులు వచ్చేది మీ ఇంటికే, ఇప్పటికే ఇచ్చేసుంటే బ్యాంకులో చెప్పి ఖాతా ఆపించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

బాకీల సంగతికొస్తే, నెలనెలా ఆటో డెబిట్ పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు, జీతం తేదీ ఉన్నోళ్ళకి అది పనికొస్తది గానీ కూలీ పనోళ్ళకి వద్దనే అంటా, ఆ రోజు డబ్బు లేకపోతే బౌన్స్ చార్జీ ఇంకో బాకీ. పైసలు పడ్డ రోజే అసోసియేషన్‌కి పంపేస్తే సరిపోతది. ఆరు నెలలు ఖాతా సరిగ్గా నడిపితే జన్ ధన్‌లో 10,000 వరకు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో లేకున్నా బ్యాంకు ఇచ్చే అప్పు, అడగొచ్చు, ఇంటికి ఒక్కరికే, ఆడవాళ్ళకి ముందు. అందరికీ ఇవ్వరు, అయినా అడగండి, గిరిగిరి కంటే ఎంతో నయం.

బ్యాంకు వాళ్ళు ఇవన్నీ చెప్పినా వినకపోతే నోటితో గొడవొద్దు, దరఖాస్తు రాసిచ్చి రెండో కాపీ మీద స్టాంప్ వేయించుకోండి, స్టాంప్ అడగ్గానే చాలాసార్లు మాట మారుతది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, హెల్ప్‌లైన్ 14448, పైసా ఖర్చు లేదు.

తొమ్మిదో అంతస్తు అక్క డిక్లరేషన్ కాగితం పట్టుకుని సోమవారం పోయింది, ఖాతా అయ్యింది, పాస్‌బుక్ చేతికిచ్చారు. ఏటీఎం కార్డు మాత్రం పోస్టులో పాత ఇంటికి పోయింది, ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కాబట్టి మీరు ఫారంలో కార్డు బ్రాంచిలోనే తీస్కుంటా అని రాయించండి, ఆమె మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంది.