ట్రాఫిక్‌లో ఆగితేనే వేడెక్కే పాత కారు: నా అనుభవం

మా పాత పెట్రోల్ కారు హైవే మీద ఎంత దూరం పోయినా వేడెక్కేది కాదు. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం టెంపరేచర్ ముల్లు పైకి పాకేది. అదీ రోజూ కాదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి మామూలైపోయేది. అమ్మానాన్నలను ఎక్కించుకోవాలంటే టెన్షన్.

ఒకరు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను, అంటే చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కు వదిలే వాల్వు) అన్నారు, ఇంకొకరు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) అన్నారు. గాస్కెట్ పోతే మామూలుగా కూలెంట్ తగ్గిపోతుంది, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వస్తుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. బండి పరుగెత్తేటప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలి తగులుతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. నా అనుమానమంతా దాని మీదే.

మళ్లీ ముల్లు లేచినప్పుడు పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. ఫ్యాన్ తిరగడం లేదు. దాని కనెక్టర్ ఊడదీసి రెండు పిన్నుల మధ్య టెస్ట్ ల్యాంప్ పెడితే వెలిగింది. అంటే కరెంటు మోటారు దాకా వస్తోంది. కనెక్టర్ మళ్లీ తగిలించి, చేతులు రెక్కలకు దూరంగా ఉంచి, స్క్రూడ్రైవర్ పిడితో మోటారు వెనక మెల్లగా తట్టాను. గిర్రున తిరిగింది!

ఆటో ఎలక్ట్రీషియన్ మోటారు విప్పితే లోపలంతా నల్లటి పొడి. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షుల్లో ఒకటి అరిగి అరిగి, స్ప్రింగు నొక్కినా కమ్యుటేటర్‌కు (ఆ తిరిగే భాగం మీది రాగి పట్టీలకు) సరిగా ఆనడం లేదు. అందుకే ఒకసారి తిరిగేది, ఒకసారి మొరాయించేది. కొత్త బ్రష్షులు వేసి, కమ్యుటేటర్‌ను సన్న గరుకు కాగితంతో రుద్దాడు. ఇప్పుడు ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డా ముల్లు సగం దాటదు.

మీరూ ఇలా చూసుకుంటే ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయొద్దు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి తాళంచెవి తీసేసినా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, చెయ్యి జాగ్రత్త.