పుర్రచేతి వాటంతో సర్జరీ పీజీలో చేరారా?

గుంటూరులో జనరల్ సర్జరీ పీజీ చేసిన మూడేళ్లూ నేను విన్న ఉచిత సలహా ఒకటే: కుడిచేతికి మారిపొమ్మని. మారకండి. కోత, కుట్టు, ముడి ఎడమచేత్తోనే నేర్చుకోండి. ఒక్కచోట మాత్రం కుడిచేతికి గట్టిగా పని చెప్పాలి. ఆ సంగతి తర్వాత.

ముందు కత్తెర. ఆపరేషన్ థియేటర్ కత్తెరలు కుడిచేతి కోసం చేసినవి. ఎడమచేత్తో మామూలుగా మూస్తే రెండు అంచులూ ఒకదానికొకటి దూరం జరుగుతాయి, దారం తెగకుండా మధ్యలో నలుగుతుంది. బొటనవేలిని అరచేతి వైపు లాగుతూ, మిగతా వేళ్లను బయటికి నెడుతూ మూయండి, తెగుతుంది. ఎడమచేతి కత్తెరలు దొరక్కపోవు. కానీ అర్ధరాత్రి క్యాజువాలిటీకి హైవే మీద బైకు జారినవాణ్ణి తెస్తే, ట్రేలో ఉండేది మామూలు కత్తెరే.

సూదిని బిగించి పట్టుకునే నీడిల్ హోల్డర్ మరీ మొండిది. బిగించడం తేలికే, లాక్ విడిపించడమే కష్టం. ఒక రింగును బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకుని, రెండో రింగును మధ్యవేలితో అవతలికి నెట్టండి. అరండల్‌పేటలో నా గదిలో చదువుకుంటున్నంతసేపూ ఎడమచేతిలో అది టకటకలాడుతూనే ఉండేది. పక్కగది అమ్మాయికి చిరాకు వచ్చిందంటే వచ్చింది మరి.

ముడి నేర్పేవాళ్లు కుడిచేతివాళ్లయితే పక్కన కూర్చోకండి, ఎదురుగా కూర్చోండి. అద్దంలో చూసినట్టు వాళ్ల కుడిచెయ్యి మీ ఎడమచెయ్యి అవుతుంది. కుర్చీ చేతికి సిల్కు దారం కట్టి సాధన చేయండి. మొదటి మెలిక ఒకవైపు తిరిగితే రెండోది దానికి ఎదురుగా తిరగాలి. రెండూ ఒకేవైపు తిరిగితే ముడి చూడటానికి బాగానే ఉంటుంది, లాగితే జారుతుంది. సిల్కుకు సాధారణంగా మూడు మెలికలు చాలు. ప్రోలీన్ అనే సింథటిక్ దారం నున్నగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ వేయాలి. వేగం గురించి తొందరపడకండి, అది ఎప్పుడో మీకు తెలియకుండానే వస్తుంది.

కుట్లు వేయడం సాధన చేయడానికి అరటితొక్క సరిపోదు, ఊరికే చిరుగుతుంది. చికెన్ దుకాణంలో స్కిన్ తీయకుండా కాళ్లు ఇవ్వమనండి. సూదిని మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో పట్టుకుని, చర్మంలోకి నిటారుగా దించి, మణికట్టు తిప్పండి. మొన మీకు కుడివైపు చూడాలి. సిస్టర్లు అలవాటుగా ఎడమవైపు చూసేలా బిగించి ఇస్తారు. అందుకే చేతులు కడుక్కోవడానికి వెళ్లే ముందే, “సిస్టర్, నాది ఎడమచేతి వాటం” అని చెప్పేయండి. ఎడమచేత్తో ప్రసాదం తీసుకుంటే మొట్టికాయలు తిన్న బాల్యం మనది, ఈ మాట చెప్పడానికి నాలుక తిరగదు. అయినా చెప్పండి. మా థియేటర్లో పెద్ద సిస్టర్ ఒకసారి విన్నాక మళ్లీ చెప్పించుకోలేదు. కొందరు ప్రొఫెసర్లకు మాత్రం ప్రతిసారీ గుర్తుచేయాల్సి వచ్చేది.

సర్జన్ రోగికి కుడివైపు నిలబడాలని పుస్తకంలో ఉంటుంది. అది ఎక్కువగా కుడిచేతివాళ్లను ఉద్దేశించిన మాట. మీరు ఎటు నిలబడితే వీలో ముందురోజే మీ యూనిట్‌లో మాట్లాడుకోండి.

ఇక కుడిచేతి సంగతి. లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్లో, పిత్తాశయం తీసేటప్పుడు పోర్టుల (పరికరాలు దూర్చే రంధ్రాల) అమరిక అంతా ఎడమచెయ్యి పిత్తాశయాన్ని పట్టి లాగడానికి, కుడిచెయ్యి విడదీయడానికే ఉంటుంది. దాన్ని తిరగేసే బదులు కుడిచేతికి నేర్పడమే మేలని నా అభిప్రాయం. అట్టపెట్టెకు రెండు రంధ్రాలు చేసి, లోపల ఫోను కెమెరా పెట్టి, తెర మీద చూస్తూ కుడిచేత్తో గ్రాస్పర్ (పొడవాటి పట్టుకారు) పట్టుకుని శనగగింజలు ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి మార్చండి. పాత గ్రాస్పర్ ఒకటి థియేటర్లో అడిగితే ఇస్తారు.