కొరియాలో పాఠాలు చెబుతున్నారా? పెన్షన్ లెక్క ఒకసారి చూసుకోండి

దక్షిణ కొరియాలో పనిచేసే టీచర్లు పే స్లిప్‌లో పెన్షన్ కోత కనిపిస్తే డబ్బు జమైపోయిందనుకుంటారు. స్లిప్ రాసేది యజమానే కదా! అసలు లెక్క నేషనల్ పెన్షన్ సర్వీస్ దగ్గర ఉంటుంది. రెసిడెన్స్ కార్డు (విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు) పట్టుకుని దగ్గరలోని బ్రాంచికి వెళ్లి, మీ పేరున నెలనెలా ఎంత జమైందో, జీతం ఎంతని చూపించారో ప్రింట్ తీసుకోండి.

2026లో మొత్తం పెన్షన్ వాటా జీతంలో 9.5 శాతం. అందులో సగం మీది, సగం యజమానిది. జీతం 25 లక్షల వాన్ అయితే మీ వంతు 1,18,750. కొన్ని ప్రైవేటు అకాడమీలు జీతం 15 లక్షలే అని చూపిస్తాయి. అప్పుడు జమయ్యేది 71,250 మాత్రమే, యజమాని వాటా కూడా అంతే తగ్గుతుంది. మీ దగ్గర పూర్తిగా కోసి తక్కువ కట్టారంటే అది నేరుగా మీ జేబుకు చిల్లే.

కొద్దిపాటి తేడాకు మాత్రం టెన్షన్ పడొద్దు. పాత ఉద్యోగులకు నిరుటి ఆదాయాన్ని బట్టి ఏటా జులైలో లెక్క మారుస్తారు.

తేడా పెద్దదైతే కాంట్రాక్టు, పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జత చేసి, ముందు యజమానికి మెయిల్‌లోనే రాయండి, నోటిమాటగా వద్దు. కదలకపోతే పెన్షన్ సర్వీస్ హెల్ప్‌లైన్ 1355కు ఫోన్ చేసి పెన్షన్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. ఇదంతా దేశం వదలకముందే, ఉద్యోగంలో ఉండగానే చేస్తే మంచిది.