తిరుపతిలో ఉంటూ, సంగటి మానకుండా, నిదానంగా బరువు తగ్గడం ఎలా?

నెలలో పది కేజీలు తగ్గాలి అని మొదలుపెట్టే వాళ్ళే మన దగ్గర ఎక్కువ, పెళ్ళి ముందో, డాక్టర్ గట్టిగా అరిచాకనో. అంత తొందర వద్దబ్బా. వారానికి అర కేజీ చాలు, బరువు మరీ ఎక్కువున్న వాళ్ళు ఒక కేజీ దాకా పోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార నియమాల్లో కూడా వారానికి అర కేజీ అంటే సేఫ్ అనే ఉంది, రోజుకి 1000 కేలరీల కన్నా కిందికి తిండి దించొద్దు అని కూడా ఉంది. కడుపు మాడ్చుకుంటే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా కరుగుతుంది, రెండు మూడు నెలలయ్యాక దువ్వెన నిండా జుట్టు వస్తుంది, కొందరికి పిత్తాశయంలో రాళ్ళు కూడా పడతాయి.

లెక్క సింపుల్. ఒక కేజీ కొవ్వు అంటే దాదాపు 7700 కేలరీలు. రోజుకి 500 కేలరీలు తక్కువ పడేలా చూసుకుంటే వారానికి 3500, అంటే అర కేజీకి కొంచెం అటూ ఇటూ. ఆ 500లో 300 కంచంలో తగ్గించండి, 200 నడకలో ఖర్చు పెట్టండి. మొత్తం నడకతోనే లాగేద్దాం అనుకుంటే కుదరదు, ఎందుకో కింద చెప్తా.

1. ముందు కొలతలు తీసుకోండి

వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున్నే బాత్రూంకి పోయొచ్చాక టిఫిన్‌కి ముందు బరువు చూసుకోండి. రోజూ మిషన్ ఎక్కితే పిచ్చెక్కుతుంది, ఉప్పు ఎక్కువైనా, రాత్రి ఆలస్యంగా తిన్నా నంబర్ అటూ ఇటూ ఊగుతుంది. మొదటి వారంలో రెండు కేజీలు పడిపోతే సంబరపడొద్దు, అందులో ఎక్కువ నీళ్ళే.

బీఎంఐ అంటే కేజీల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండు సార్లు భాగించడం. మన భారతీయులకి 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. 165 సెంటీమీటర్ల మనిషికి 62 కేజీల దాకా ఓకే, 68 దాటితే జాగ్రత్త పడాల్సిందే. దానికంటే నడుం కొలత ముఖ్యం అంటాను నేను, ఎందుకంటే మనవాళ్ళల్లో చేతులు కాళ్ళు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన వాళ్ళు శానా మంది. టైలర్ టేపుతో కొలిస్తే మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

2. మూడు రోజులు ఏం మార్చకుండా, తిన్నదంతా రాయండి

ఫోన్‌లో రాసుకున్నా చాలు. అన్నం, సంగటి అందరూ రాస్తారు, రాయకుండా వదిలేసేవే అసలు దొంగలు. టీలో చక్కెర, సాయంత్రం బజ్జీలు, టీవీ చూస్తా నోట్లో వేసుకునే మిక్చరు, పిల్లోడు వదిలేసిన అర దోసె, వండేటప్పుడు రుచి చూసిన ముక్కలు. చెంచా చక్కెర 20 కేలరీలే కదా అనిపిస్తుంది, రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు వేసుకుంటే అక్కడే 160 అయిపోయింది, మీరు ఇంకా టిఫిన్‌కే రాలేదు.

చెనిక్కాయల (వేరుశనగల) సంగతి కూడా మనం మాట్లాడుకోవాలి. మన జిల్లాలో చట్నీలో చెనిక్కాయలు, ఊరుబిండి అనే రోటి పచ్చడిలో చెనిక్కాయలు, వంకాయ కూరలో చెనిక్కాయల పొడి, పొద్దుపోకపోతే వేయించిన చెనిక్కాయలు. మంచి తిండే, ప్రోటీన్ కూడా ఉంది, కాకపోతే 100 గ్రాములకి 560 కేలరీల పైనే. ఇడ్లీ మీద గరిటెలు గరిటెలు చట్నీ పోసుకుంటే ఇడ్లీల కన్నా చట్నీయే ఎక్కువైపోతుంది. రెండు చెంచాల చట్నీ పెట్టుకుని మిగతా సాంబార్‌తో లాగించండి.

3. కంచం మార్చండి, వంట మార్చక్కర్లేదు

బరువు తగ్గాలంటే ఓట్స్, కినోవా, బ్రౌన్ బ్రెడ్ కొనాలనేది పెద్ద అబద్ధం. మన వంటలోనే అన్నీ ఉన్నాయి, కొలత తేడా అంతే.

కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పో గుడ్డో చికెనో. మిగిలిన పావు అన్నం గానీ సంగటి గానీ. మన ఇళ్ళల్లో ఇది తలకిందులుగా ఉంటుంది, అన్నం గుట్ట, పక్కన ఒక చెంచా కూర, దాన్ని కలుపుకోవడానికి పులుసు. వండిన అన్నం 100 గ్రాములు 130 కేలరీలు, గుట్టగా పెట్టుకుంటే ఈజీగా 400 గ్రాములు ఉంటుంది, దాన్ని సగం చేస్తే ఆ ఒక్క పూటలోనే 260 తగ్గాయి. మీకు కావాల్సిన 300 దాదాపు అక్కడే వచ్చేసింది చూడండి.

సంగటి గురించి ఒక మాట, ఇది చెప్తే మా ఇంట్లో కూడా ఒప్పుకోరు. రాగుల్లో కాల్షియం, పీచు ఎక్కువ, కడుపు కూడా ఎక్కువసేపు నిండుగా ఉంటుంది, అదంతా నిజమే. కానీ రాగిపిండికి, బియ్యానికి కేలరీల్లో పెద్ద తేడా లేదు, పైగా మనం సంగట్లో బియ్యం వేసే కదా ఉడికిస్తాం. పెద్ద ముద్దలు రెండు మింగేసి రాగులే కదా అనుకుంటే బరువు తగ్గదు. ఒక ముద్ద, పక్కన ఆకుకూర పప్పు ఎనిపి (మెదిపి) రోంత ఎక్కువ పెట్టుకోండి. నాటుకోడి పులుసు అయితే పైన తేలిన నూనె పక్కకి తీసేసి ముక్కలు తినండి.

ప్రోటీన్ తగ్గకుండా చూసుకోండి, ఇది అందరూ వదిలేసే పాయింట్. ఉలవ గుగ్గిళ్ళు, అలసందలు, పెసలు, చలికాలంలో అనపగింజలు, ఉడికించిన గుడ్లు, పెరుగు. అనపగింజలు సీజన్‌లో దొరికినప్పుడు కొని, నానబెట్టి తొక్క తీసి పితికిపప్పు చేసుకోండి, దానికి మించిన డైట్ ఫుడ్ ఏ షాపులోనూ లేదు. కొబ్బరి తగ్గించి వేయండి అంతే.

నూనె కొలవడానికి రోజూ చెంచా పట్టుకోనక్కర్లేదు, నెల కొలత పెట్టుకోండి. నలుగురున్న ఇంటికి నెలకి మూడు లీటర్లు, అంతకు మించి కొనకండి. పెద్ద చెంచా నూనె 120 కేలరీలు, తాలింపులో కనపడకుండా పోయేది అదే.

బయట తినాల్సి వస్తే ఇడ్లీ సాంబార్ ముందు, నెయ్యి పొంగల్, పూరీ, కారం దోసె నెలలో ఎప్పుడన్నా.

ఇంక లడ్డు. తిరుపతిలో ఉంటే బంధువులు వస్తానే ఉంటారు, ఇంట్లో లడ్డు ఉంటానే ఉంటుంది. మామూలు లడ్డు సుమారు 175 గ్రాములు, శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, లెక్కేస్తే ఒక్క లడ్డుకి ఏడొందల కేలరీల దగ్గరికి పోతుంది. ప్రసాదం వద్దనడం ఎవరి వల్లా కాదు, వద్దనక్కర్లేదు కూడా. ప్రసాదం అంటే చిటికెడు, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకునేది. మిగతాది పక్కింటోళ్ళకి పంచండి, వాళ్ళూ సంతోషిస్తారు.

4. రోజూ నడవండి, తిరుమల కొండెక్కడం దానికి అదనం

వారానికి కనీసం 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. బరువు తగ్గాలంటే మెల్లగా రోజుకి 45 నిమిషాలు, గంట దాకా పెంచండి. నడిచేటప్పుడు పక్కనోళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ స్పీడు. ఎస్వీ యూనివర్సిటీ లోపల చెట్ల కింద నడవచ్చు, అలిపిరి నుంచి కపిలతీర్థం వైపు రోడ్డు కూడా పొద్దున పూట బాగుంటుంది. చిత్తూరు వాళ్ళు దగ్గర్లో ఏ కాలేజీ గ్రౌండ్ ఉంటే అక్కడికి పోండి. ఏప్రిల్, మే నెలల్లో ఏడు లోపల ఇంటికి వచ్చేయండి, మన ఎండ సంగతి తెలుసు కదా.

70 కేజీల మనిషి గంట గట్టిగా నడిస్తే ఖర్చయ్యేది 240 కేలరీలు. నడిచి వస్తా వస్తా రెండు బోండాలు, ఒక టీ తాగితే లెక్క సరిపోయింది, అందుకే నడకతో మాత్రమే కుదరదన్నా.

కొండ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. అలిపిరి దారి 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే గానీ ఎక్కుడు గట్టిగా ఉంటుంది. నెలకొకసారి కొండెక్కి, మిగతా రోజులు బైకు దిగకపోతే పుణ్యం వస్తుంది గానీ పొట్ట పోదు. రెండు మూడు నెలలు రోజూ నడిచాక, మోకాళ్ళు సహకరిస్తే అప్పుడు పోండి. గాలిగోపురం దాకా ఆగి ఆగి ఎక్కండి, అక్కడ్నించి రోంత సుఖం, మళ్ళీ మోకాళ్ళ పర్వతం దగ్గర పని పెడుతుంది. దిగేటప్పుడు బస్సు ఎక్కేయండి, మోకాలి నొప్పి ఉన్నోళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే ఇబ్బంది. చిరుతల భయం ఉంది కాబట్టి చీకట్లో ఒంటరిగా పోవద్దు, పిల్లల్ని ముందు పరిగెత్తనీయొద్దు.

5. వారానికి రెండు రోజులు కండకి పని పెట్టండి

జిమ్ లేకపోయినా పర్వాలేదు. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, పది సార్లు. గోడకి చేతులు పెట్టి పుషప్స్, పది. ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్ రెండు చేతులతో పైకి కిందికి. ఒక్కోటి రెండు మూడు రౌండ్లు. ఆడవాళ్ళు ఇది అస్సలు చేయరు, నలభై దాటిన అక్కలకి ఇది నడక కన్నా అవసరం, ఎందుకంటే తిండి తగ్గించినప్పుడు కండ పోకుండా పట్టుకునేది ఇదే.

6. రాత్రి

తొమ్మిదిన్నరకి అన్నం, పదకొండుకి ఫోన్, ఒంటిగంటకి నిద్ర అయితే మరుసటి రోజు ఆకలి ఎక్కువేస్తుంది. ఎనిమిది లోపల తినేసి ఏడు గంటలన్నా పడుకోండి.

బరువు ఆగిపోతే

మూడు నెలలకి ఎక్కడో ఒకచోట ముల్లు ఆగుతుంది. ఒళ్ళు తగ్గినాక దానికి కావాల్సిన కేలరీలూ తగ్గుతాయి కాబట్టి ఇది మామూలే. భయపడి అన్నం పూర్తిగా మానేయకుండా, మళ్ళీ మూడు రోజులు తిన్నదంతా రాయండి, సగానికి సగం మందికి గరిటెలు తెలియకుండానే పెరిగి ఉంటాయి. అది కాదంటే నడక పదిహేను నిమిషాలు పెంచండి. అప్పటికీ నెలరోజులు కదలకపోతే, లేదా ఏం చేయకుండానే బరువు పడిపోతా ఉంటే, థైరాయిడ్, షుగర్ టెస్టులు చేయించుకోండి, రుయా ఆస్పత్రిలో అయినా స్విమ్స్ ఆస్పత్రిలో అయినా. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం అంతదాకా ఆగకుండా, తిండి తగ్గించే ముందే డాక్టర్‌కి చెప్పాలి, డోసు అలాగే ఉంచి అన్నం సగం చేస్తే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు కూడా ఒకసారి చూపించుకోండి. కడుపుతో ఉన్నోళ్ళు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఈ లెక్కలేవీ పాటించొద్దు.