గణిత విభాగంలో సెమినార్ నుంచి పరిశోధన దాకా ఎలా చేరుకోవాలి?

పరిశోధన చేయాలనుకునే విద్యార్థులు చాలామంది ముందు గైడ్ వేటలో పడతారు. అది తలకిందుల పద్ధతి. ముందు సెమినార్లలో కూర్చోవాలి, తర్వాత ఒక పరిశోధన పేపరైనా తిరగేయాలి, ఆ పైనే ప్రొఫెసర్ గది తలుపు తట్టాలి.

1. ఒక సెమినార్ ఎంచుకోండి

కలోక్వియం అనే ప్రసంగం విభాగం మొత్తానికి ఉద్దేశించింది. సెమినార్ ఒక్క శాఖ వాళ్లది, కాబట్టి మొదట్లో సగం కూడా తలకెక్కదు. అయినా టర్మ్ అంతా ఒకే సెమినార్‌కు వెళ్లండి. వారానికొకటి మారిస్తే ఏ శాఖ పరిభాషా ఒంటబట్టదు. ముందురోజు అబ్‌స్ట్రాక్ట్ (ప్రసంగ సారాంశం) చదివి, తెలియని పదాల్లో రెండింటికి నిర్వచనం, చెరో ఉదాహరణ చూసుకోండి. పది చూస్తే ఒక్కటీ గుర్తుండదు.

2. బోర్డు మీదున్నదంతా ఎక్కించుకోవద్దు

గంట ప్రసంగంలో కొత్తవాళ్లకు అందేది సాధారణంగా మొదటి పావుగంట, ఇరవై నిమిషాలే. ప్రధాన సిద్ధాంతం, ఒక ఉదాహరణ, మీకు దారి తప్పిన చోటు: ఈ మూడూ రాసుకుంటే చాలు. సిద్ధాంతాన్ని మాత్రం షరతులతో సహా రాసుకోండి. సంవృత (రెండు కొసలూ కలిసిన) అంతరం మీద అవిచ్ఛిన్న ప్రమేయానికి గరిష్ఠ విలువ ఉంటుంది. ‘సంవృత’ అన్న మాట జారిపోతే ఆ వాక్యం తప్పు. సున్నాకూ ఒకటికీ మధ్యనున్న వివృత (కొసలు కలవని) అంతరంలో 1/ఎక్స్‌కు గరిష్ఠ విలువే లేదు.

ప్రశ్న అడగడానికి జంకేవాళ్లకు రెండు ప్రశ్నలు ఎక్కడైనా పనికొస్తాయి: ‘ఈ షరతు తీసేస్తే ఎక్కడ చెడుతుంది?’, ‘దీనికి అన్నిటికన్నా చిన్న ఉదాహరణ ఏది?’

3. ఎవరు ఏం చేస్తున్నారో చూడండి

అధ్యాపకుల వెబ్ పేజీలు తరచూ పాతబడి ఉంటాయి. 1991లో మొదలైన ఆర్కైవ్ (arXiv) అనే పరిశోధన పేపర్ల వెబ్‌సైట్‌లో వాళ్ల తాజా పేపర్లు వెతకండి (అక్కడివి సమీక్షకు ముందు ప్రతులే కావచ్చని గుర్తుంచుకోండి). గణిత పేపర్ల సమీక్షలకు జెడ్‌బీమ్యాథ్ (zbMATH) అనే వెబ్‌సైట్ ఉంది; 2021 నుంచి అది అందరికీ ఉచితం. పేపర్‌లో పీఠిక చదివితే చాలు, నిరూపణల జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు.

4. చిన్న మెయిల్ రాయండి

‘మీ పరిశోధన మీద ఆసక్తి ఉంది’ అని పదిమందికి ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు. అది ఎవరికైనా పంపగలిగిన వాక్యమని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. పది వాక్యాలు దాటకుండా, చదివిన కోర్సులు, పీఠికలో మీరు ఆగిపోయిన చోటు రాసి, ఇరవై నిమిషాల సమయం అడగండి. గైడ్‌గా ఉండమని అప్పుడే అడగొద్దు. ఒక టర్మ్ రీడింగ్ ప్రాజెక్ట్ అడగండి. ఒకరితో ఒకరు పని చేయగలరో లేదో ఇద్దరికీ తేలేది అక్కడే. మార్కుల జాబితా ఆ సంగతి చెప్పదు.

5. వారం వారం కలవండి

చదివింది నోట్స్ చూడకుండా బోర్డు మీద చెప్పండి. పుస్తకంలో ‘స్పష్టం’ అని ఉన్నచోట మీకు అరపేజీ పట్టొచ్చు, అది మామూలే. కలవడానికి ఒకరోజు ముందు ఒక పేజీ పంపండి: ఏం చదివారు, ఎక్కడ ఇరుక్కున్నారు, తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారు. పని సాగని వారమే చాలామంది మొహం చాటేస్తారు. నిజానికి తప్పక వెళ్లాల్సింది ఆ వారమే.

6. చిన్న సమస్యతో మొదలుపెట్టండి

చిన్న సందర్భాలను చేత్తోనో, సేజ్‌మ్యాథ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌తోనో లెక్కించండి. వచ్చిన సంఖ్యలను పూర్ణాంక శ్రేణుల ఆన్‌లైన్ విజ్ఞానకోశంలో వెతకండి; గణితవేత్త నీల్ స్లోన్ ఆ సేకరణను 1964లో ప్రారంభించారు. అయితే క్రమం కనబడగానే నమ్మేయొద్దు. వృత్తం మీద ఒక్కో బిందువు పెంచుతూ, అన్నిటినీ జ్యాలతో కలుపుతూ పోతే (మూడు జ్యాలు ఒకేచోట ఖండించుకోకుండా) ఏర్పడే భాగాలు 1, 2, 4, 8, 16. ఆరో బిందువు పెట్టగానే 32 రావు, 31 వస్తాయి.

7. గైడ్‌ను ఖాయం చేసుకునే ముందు

వాళ్ల దగ్గర ఇప్పుడు చేస్తున్న విద్యార్థులను విడిగా అడగండి: ఎన్నాళ్లకోసారి కలుస్తారు, రాసిచ్చింది ఎన్ని రోజుల్లో చదివి తిరిగిస్తారు, సమస్య ముందుకు కదలకపోతే మరోటి సూచిస్తారా? పదవీ విరమణ గానీ దీర్ఘకాలిక సెలవు గానీ దగ్గర్లో ఉందేమో మాత్రం గైడ్‌నే నేరుగా అడగండి, వాళ్లు తప్పుపట్టరు.