కొత్త బైక్ రిజిస్ట్రేషన్: షోరూం నుంచి ఆర్‌సీ చేతికొచ్చే దాకా

కొత్త బండి రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఇప్పుడు డీలరే పెడతాడు. కొన్నవాళ్లు నాలుగైదు చోట్ల సంతకాలు పెట్టి, ఆధార్ జిరాక్సు, ఫొటోలు ఇచ్చి, తాళాలు అందుకుని ఇంటికొచ్చేస్తారు. తప్పులు దొర్లేది సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే. సొంత వాడకం బండికి ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. ఇంజన్ నంబరులో ఒక అంకె తారుమారైనా అది అన్నేళ్లూ వెంటాడుతుంది. అందుకే డీలరే చూసుకుంటాడని వదిలేయకుండా ఏ కాగితం దేనికో తెలుసుకుని, చదివి సంతకం పెట్టాలి.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీద నడపకూడదు. నడిపితే సెక్షన్ 192 కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. 2019 సవరణతో మంచి మార్పులు వచ్చాయి. అదే రాష్ట్రంలో రిజిస్టరయ్యే కొత్త బండికి దరఖాస్తు పెట్టే బాధ్యత డీలరుదైంది. అధీకృత డీలరు అమ్మిన బండిని మొదటి రిజిస్ట్రేషన్ కోసం ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాల్సిన అవసరం కూడా తప్పింది. అయినా చూపించమని పిలుపొస్తే టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) గడువు ముగియకముందే స్లాట్ తీసుకుని వెళ్లిరండి. ఆ సవరణ తర్వాత రాష్ట్రంలోని ఏ రిజిస్టరింగ్ అధికారి దగ్గరైనా రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు.

ఏయే కాగితాలు

అసలు దరఖాస్తు ఫారం 20. బండి చేతికొచ్చిన 7 రోజుల్లోపు ఇది దాఖలు కావాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 చెబుతున్నాయి. దీనికి తోడు ఫారం 21, అంటే డీలరిచ్చే అమ్మకం ధ్రువపత్రం. తర్వాత ఫారం 22, ఇది తయారీ కంపెనీ ఇచ్చేది. బండి రోడ్డు మీద తిరగడానికి తగినదనీ, పొగ, శబ్దం పరిమితుల్లోనే ఉన్నాయనీ అందులో రాసి ఉంటుంది. ఇవి కాక ఇన్సూరెన్స్ పాలసీ, ఇన్‌వాయిస్, టీఆర్, చిరునామా రుజువు కావాలి.

అప్పు మీద కొన్నవాళ్లు ఫారం 20ని రెండు ప్రతులుగా ఇవ్వాలి. అందులో ఫైనాన్స్ ఇచ్చినవారి పేరు, సంతకం ఉండాలి. ఆ పేరు ఆర్‌సీలోకి ఎక్కుతుంది. వాయిదాలన్నీ కట్టేశాక బ్యాంకు దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆ పేరు తీయించుకోవడం మళ్లీ వేరే దరఖాస్తు. చాలామంది లోన్ తీరిందని ఊరుకుంటారు. బండి అమ్మే రోజున కొన్నవాడి పేరుకు మారక, అప్పుడు బ్యాంకు చుట్టూ తిరుగుతారు.

చాసిస్ నంబరు మీరే చూసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పితే ముందు ఫోర్కు బిగించే మెడ గొట్టం కనిపిస్తుంది. చాలా బైకుల్లో చాసిస్ నంబరు కొట్టి ఉండేది అక్కడే. ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి పట్టుకుంటే అక్షరాల గుంటల్లో నీడపడి స్పష్టంగా కనబడతాయి. నేరుగా వేస్తే మెరుపుకు 8, 3 ఒకేలా అనిపిస్తాయి. ఇంజన్ నంబరు క్రాంక్‌కేస్ మీద, అంటే ఇంజన్ కింది భాగం మీద ఉంటుంది. రెండింటినీ ఫొటో తీసుకుని ఫారం 21, ఫారం 22, ఇన్‌వాయిస్, పాలసీ నాలుగింటితోనూ ఒక్కో అక్షరం పోల్చండి.

చాసిస్ నంబరు మొత్తం 17 అక్షరాలు. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు వాడరు. ఒకటి, సున్నాలతో పొరపడకుండా ఉండాలనే ఆ ఏర్పాటు. కాబట్టి టైపు చేసిన కాగితంలో ఓ కనిపించిందంటే సున్నా కొట్టాల్సిన చోట తప్పు జరిగినట్టే. డేటా అప్‌లోడ్ కాకముందైతే దిద్దడం రెండు నిమిషాల పని. ఆర్‌సీ వచ్చేశాక అదే తప్పుకు డీలరు లేఖ, కొత్త దరఖాస్తు, మళ్లీ తనిఖీ అంటూ తిరగాల్సి వస్తుంది.

ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం, రంగు కూడా ఉంటాయి. నిరుడు తయారై గోడౌన్‌లో ఉన్న బండిని ఈ ఏడాదిదని చెప్పారేమో అక్కడే తెలిసిపోతుంది. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించండి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తి పేరా అన్నది ముందే తేల్చుకోండి.

మొబైల్ నంబరు గడిలో మీ నంబరే ఉందో లేదో తప్పకుండా చూడండి. తొందరలో షోరూం ఉద్యోగి తన నంబరు కొట్టేస్తే, రేపు చిరునామా మార్చాలన్నా, డూప్లికేట్ ఆర్‌సీ కావాలన్నా ఓటీపీ అతనికి పోతుంది.

నామినీ గడిని ఖాళీగా వదలొద్దు. రిజిస్ట్రేషన్ సమయంలోనే నామినీని పెట్టుకునే వీలు 2021లో వచ్చింది. యజమాని చనిపోతే నామినీ 30 రోజుల్లో సమాచారమిచ్చి, మూడు నెలల్లోపు ఫారం 31తో బండిని తన పేరుకు మార్పించుకోవచ్చు. ఆ గడి ఖాళీగా ఉంటే ఇంట్లోవాళ్లు వారసత్వ పత్రాల కోసం తిరగాల్సి వస్తుంది.

డబ్బు లెక్క

మోటార్‌సైకిల్ రిజిస్ట్రేషన్ ఫీజు 300 రూపాయలు. లోన్ ఉంటే హైపోథికేషన్ (ఫైనాన్స్ ఇచ్చినవారి పేరు) నమోదుకు మరో 500. కార్డు, సర్వీసు చార్జీలు వేరు. అసలు బరువంతా లైఫ్ ట్యాక్స్‌దే. అది రాష్ట్రాన్ని బట్టి, బండి ధరను బట్టి మారుతుంది. కొటేషన్‌లో 'ఆర్టీవో' అని ఒకే మొత్తం రాసి ఇస్తే ఒప్పుకోకండి. ట్యాక్స్ ఎంత, ఫీజు ఎంత అని విడదీసి రాయమనండి. ప్రభుత్వానికి కట్టిన రసీదులు మీ పేరు మీదే వస్తాయి, అవి అడిగి తీసుకోండి. 'హ్యాండ్లింగ్ చార్జీలు' అనేది ఫీజుల నిబంధనలో ఎక్కడా లేదు.

ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలన్న నియమం కూడా లేదు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్లకు థర్డ్ పార్టీ కవర్ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) అయిదేళ్లకు తప్పనిసరి. సొంత డ్యామేజీ కవర్ ఒక ఏడాదికే తీసుకుని ఏటేటా పొడిగించుకోవచ్చు. యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ మీకు ముందే మరో పాలసీలో ఉంటే డిక్లరేషన్ ఇచ్చి ఇక్కడ మానుకోవచ్చు. నంబరు వచ్చాక దాన్ని పాలసీలో ఎక్కించుకోవడం మర్చిపోవద్దు. అప్పటిదాకా పాలసీకి ఆధారం చాసిస్, ఇంజన్ నంబర్లే.

ఐఎస్‌ఐ మార్కున్న హెల్మెట్ ఒకటి బండితో పాటు రావాలి. అది ఉచిత కానుక కాదు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 138లో ఉన్నదే.

టీఆర్ గడువును తేలిగ్గా తీసుకోవద్దు

టీఆర్ ప్లేటు పసుపు మీద ఎర్ర అక్షరాలతో ఉంటుంది. టీఆర్ కాగితం మీద రాసిన తేదీయే లెక్క, డీలరు నోటిమాట కాదు. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. టీఆర్ గడువు ముగిసిన కొద్దిరోజులకు ఒక వాహనం వేరే ఊళ్లో గెస్ట్‌హౌస్ దగ్గర దొంగతనానికి గురైంది. పాలసీ అమల్లోనే ఉంది. అయినా రిజిస్ట్రేషన్ లేకుండా వాడడం పాలసీ షరతుల మౌలిక ఉల్లంఘనేనని చెప్పి క్లెయిమ్‌ను కోర్టు తోసిపుచ్చింది. గడువుకు వారం ముందు కూడా నంబరు రాకపోతే కేంద్ర రవాణాశాఖ వాహన్ పోర్టల్లో లేదా మీ రాష్ట్ర రవాణాశాఖ సైట్‌లో దరఖాస్తు ఎక్కడ ఆగిందో మీరే చూడండి. ఆగేది ఎక్కువగా సంతకం తేడా దగ్గర, మసకగా స్కాన్ చేసిన చిరునామా కాగితం దగ్గర, ఆధార్, ఇన్‌వాయిస్ పేర్లు కలవని చోట.

ఆధార్ ఆంధ్రప్రదేశ్‌ది, ఉద్యోగం హైదరాబాద్‌లో అయినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. బండి ఎక్కడ తిరగబోతోందో ముందే తేల్చుకుని ఆ రాష్ట్రంలోనే రిజిస్టర్ చేయించడం మేలు. అక్కడి చిరునామా రుజువు సిద్ధం చేసుకున్నాకే బుక్ చేయండి. ఏపీ నంబరు బండిని తెలంగాణలో 12 నెలలకు మించి ఉంచితే సెక్షన్ 47 ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ లెక్క మళ్లీ మొదలవుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వస్తోంది.

ఈలోగా బండి సంగతి

మొదటి సర్వీసు కూడా చాలాసార్లు ఈ రోజుల్లోనే పడుతుంది. మాన్యువల్‌లో కిలోమీటర్లు, రోజులు రెండూ రాసి ఉంటాయి. ఏది ముందొస్తే అదే గడువు. తిరగలేదు కదా అని రోజుల గడువు దాటిస్తే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. నంబరు లేదు కాబట్టి జాబ్ కార్డు మీద చాసిస్ నంబరు రాయించండి. ఆర్‌సీ రాగానే సర్వీసు రికార్డులో నంబరు ఎక్కించమనండి. కొత్త టైర్ల పైపొర జారుడుగా ఉంటుంది, బ్రేక్ ప్యాడ్లు డిస్కుకు ఇంకా ఒదిగి ఉండవు. తొలి వంద కిలోమీటర్లలో మలుపుల్లో బాగా వంచొద్దు, గట్టిగా బ్రేకు వేసే అవసరం రాకుండా దూరం పాటించండి.

సైలెన్సర్ మార్చడం, వెనక మడ్‌గార్డు కోసి ప్లేటును లోపలికి జరపడం చేయకండి. ఫారం 22లో రాసిన శబ్దం లెక్క ఆ సైలెన్సర్‌దే. మార్పు చేయిస్తే సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చు.

నంబరు ప్లేటు, ఆర్‌సీ వచ్చాక

2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు కంపెనీయే ఇస్తుంది, డీలరు బిగించాలి. ముందుది 285 బై 45 మిల్లీమీటర్లు, వెనకది 200 బై 100. అశోక చక్రం హోలోగ్రామ్, ఇండ్ అన్న ముద్ర, లేజర్ కోడ్ ఉన్నాయో లేదో చూడండి. స్నాప్ లాక్‌తో బిగించాలి. ఒకసారి వేశాక పగలగొడితే తప్ప ఊడదు. మామూలు నట్లు, బోల్టులతో వేసిస్తే వెనక్కి పంపండి.

ఆర్‌సీ వచ్చిన రోజే మళ్లీ ఒకసారి చాసిస్ నంబరు, పేరు, రంగు, ఫైనాన్షియర్ పేరు చూసుకోండి. డిజిలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో దింపుకుంటే తనిఖీల్లో అది చెల్లుతుంది. కాలుష్య సర్టిఫికెట్ మొదటి ఏడాది అక్కర్లేదు. ఆర్‌సీ మీది రిజిస్ట్రేషన్ తేదీ నుంచి ఏడాది లెక్కపెట్టి, ఆ తేదీకి ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.