రాకాసి గుళ్ళను గుర్తుపట్టి, కొలిచి, రాసుకోవడం ఎలా?

తెలంగాణలో ఊరి బయటి బీళ్ళలో, గుట్టల అంచుల్లో కనిపించే ఇనుపయుగపు సమాధులివి. నడుమ మట్టీ రాళ్ళూ కలిసిన తక్కువెత్తు దిబ్బ, చుట్టూ గుండ్ల వలయం. 2025లో నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని నిలువు రాళ్ళ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాక అందరూ అక్కడిలాంటి నిలువు రాళ్ళనే వెతుకుతున్నారు, కాళ్ళ కిందున్న వలయాన్ని దాటుకుంటూ పోతున్నారు.

కావలసినవి: ముప్పై మీటర్ల టేపు (గుడ్డది వద్దు, సాగుతుంది), దిక్సూచి, నోటుబుక్కు, పెన్సిలు, తోడుగా ఒకరు. చలికాలంలోనే వెళ్ళాలి. వానాకాలం గడ్డిలో ఏమీ కనబడదు.

1. మేకలు కాసేవాళ్ళను అడగండి. శాటిలైట్ మ్యాప్ ముందు గంటలు కూర్చోవడం కన్నా ఇదే నయం. పట్టాదారుకు చెప్పి లోపలికి అడుగుపెట్టండి.

2. గుర్తుపట్టడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. రైతు చేలోంచి ఏరి పోసిన రాళ్ళను ఫోటో తీసి, "మూడు వేల ఏళ్ళ సమాధి" అని వాట్సాప్‌లో పెట్టేస్తారు.

కుప్పను వదిలేసి అంచు చూడండి. అసలు వలయంలో గుండ్లు దాదాపు ఒకే సైజులో, పక్కపక్కనే, మొదలు నేలలోకి దిగి ఉంటాయి. వంగి ఒక గుండు మొదట్లో పుల్ల పెట్టండి (వేలు వద్దు, తేళ్ళుంటాయి). దూరకపోతే ఆశ ఉన్నట్టే. ఏరి పోసిన రాయి నేలమీద ఊరికే కూర్చుంటుంది, కింద సందు ఉంటుంది. చాలాసార్లు ఒంటిమీద నాగలి కర్రు గీరిన తుప్పు చారలు కూడా కనిపిస్తాయి.

అలాగని దిగబడిన ప్రతి గుండూ మనిషి పెట్టింది కాదు. పరుపు బండలోంచి పైకి తేలిన గుండ్లు కూడా ఒక్కోసారి గుండ్రంగానే కనబడతాయి. కింద బండ తగిలితే అనుమానించండి.

వలయం నిండుగా దొరుకుతుందనుకోవద్దు, సగం గుండ్లు క్రషర్‌కు పోయుంటాయి. నాలుగైదు ఒకే వంపులో ఉన్నాయా? సాయంత్రం ఏటవాలు ఎండలో మళ్ళీ చూడండి, దిబ్బ ఎత్తు నీడలో తెలుస్తుంది. నడుమ గొయ్యి ఉంటే గుప్తనిధుల వాళ్ళ పని కావచ్చు. అది చూసి సమాధి కాదనుకోకండి. వీటిలో మామూలుగా దొరికేది నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు. అది చెప్పినా ఆ తవ్వేవాళ్ళు వినరు.

3. కొలవడం. ఉత్తరం-దక్షిణం ఒకసారి, తూర్పు-పడమర ఒకసారి, గుండ్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు. లోపలి అంచు కొలిచేవాళ్ళున్నారు. అది మట్టిలో కప్పబడి ఉంటుంది కాబట్టి వాళ్ళు కొలిచేది ఊహనే. గుండ్లు లెక్కపెట్టి, గుండు పక్కన స్కేలు ఉంచి ఫోటోలు తీయండి.

4. కుండ పెంకు కూడా జేబులో వేసుకోవద్దు. నేలలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిధి చట్టం. కొలతలు, ఫోటోలు రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి, లొకేషన్ మాత్రం గ్రూపుల్లో పెట్టకండి. సర్వే నంబరు తప్పక రాయండి, అది లేని కాగితాన్ని ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు.